మూగాయన నోరు

పొద్దున్నే ఫోను మోగింది. చిట్కుల్ నుంచి సత్తెమ్మక్క. "మూగాయన పోయిండమ్మా. నూరేండ్లకు దగ్గరవడ్డడు గద. నిద్రల్నే పోయిండు, ఎవ్వల్ని తిప్పల పెట్టలె" అంది. "అయ్యో, మూగాయన పోయారా? వస్తున్నా" అని ఫోను పెట్టేశాను. మా కిష్టారెడ్డిపేట అపార్టుమెంటులో పక్క ఫ్లాటు ఆవిడ అప్పుడే పెరుగు తోడు కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవరండీ, మూగాయనా? అయ్యో పాపం, పుట్టుకతోనేనా?" అని జాలిగా అడిగింది. ఏం చెప్పను? పటాన్‌చెరుకీ సంగారెడ్డికీ మధ్య అంత వాగే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ నోటితో నేను పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. ముందు నా విసుగు తీరాలి.

ఎనభైల మధ్యలో పెళ్ళి చేసుకుని గుంటూరు వైపు నుంచి ఇటు వచ్చాను. మావారికి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగం. క్వార్టర్ వచ్చేదాకా అని చిట్కుల్‌లో సత్తెమ్మక్క ఇంట్లో ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. ఆమె భర్త అప్పటికే పోయాడు. వాగు పక్కన కొంచెం పొలం, ఒక బావి, పాలిచ్చే బర్రెలు, ఇవీ ఆమెకున్నవి. పొద్దున్నే ఆ పాలు ప్లాంటు కాలనీకి వెళ్ళేవి. ఇవి కాక భర్త అన్నగారు ఒకరు అరుగు మీద ఉండేవారు, పెళ్ళీ పెటాకులూ లేకుండా. ఆమె బావా అనేది. నేను తాతగారూ అనేదాన్ని. ఊరంతా మూగాయన అనేది.

కుర్రతనంలో ఇల్లొదిలి బొంబాయి పారిపోయి సినిమాల్లో వేషాలు వేశాడు ఆయన. సినిమాలకు ఇంకా మాటలు రాని రోజులు. రాజులు, మంత్రులు, గుర్రం మీద వచ్చే దొంగలు. ఒకటి రెండు వాటిలో హీరో కూడానట. తిరిగొచ్చాక, మూగ సినిమాల్లో చేశానని ఊళ్ళో చెప్పుకున్నాడు. ఊరివాళ్ళు సినిమా అనేదాన్నే చూడని కాలం. మూగ సినిమా అంటే మూగవాళ్ళు ఆడే సినిమా అనుకున్నారు. మూగవాళ్ళతో కలిసి ఆడొచ్చినవాడు కాబట్టి మూగాయన అన్నారు. ఆయన ఎదురుగా నిలబడి గంటలకొద్దీ మాట్లాడుతున్నా ఆ పేరు మారలేదు. అసలు పేరు ఏమిటో నేను ఎన్నడూ వినలేదు.

ఊరివాళ్ళకు అలవాటైపోయింది. గొడవల్లా కొత్తవాళ్ళతోనే. ఫ్యాక్టరీ పనుల కోసం బీహారు నుంచీ ఒరిస్సా నుంచీ వచ్చి ఊళ్ళో గదులు తీసుకున్నవాళ్ళు ఆ పేరు విని నిజమే అనుకునేవారు. పాపం చేతులు తిప్పుతూ పలకరించేవారు. నాకు మాటలొచ్చు నాయనా అంటే పోయేదానికి, ఈయన అనడు. వాళ్ళకంటే ఎక్కువ చేతులు తిప్పుతాడు. ఒకసారి మేం పటాన్‌చెరులో దిగాలని ఎక్కిన బస్సులో, ఎవరో ఆ పేరు పెట్టి పిలవడం విని కండక్టర్ కూడా అదే పొరపాటు పడ్డాడు. ఎక్కడ దిగాలి తాతా అని సైగ చేశాడు. ఇక చూసుకోండి, ఊరి పొలిమేర, చెరువు, కట్ట, కట్ట మీద నడిచే మనిషి, ఆ మనిషి గతజన్మ, అన్నీ ఆ ఇరుకు బస్సులో కళ్ళతో చేతులతో చూపిస్తున్నాడు. బస్సంతా ఆయన వైపే చూస్తోంది. కండక్టర్ నా వైపు తిరిగి "ఏమంటుండమ్మా మీ తాత?" అన్నాడు. నేను నోరు విప్పబోతే ఆయన కళ్ళెర్రజేశాడు. చివరికి పటాన్‌చెరు దాటి రామచంద్రాపురంలో దిగాం. కింద కాలు పెట్టాడో లేదో, "గా కండక్టర్‌కు కంట్ల భావం లేదు బిడ్డా. ఉద్యోగమెట్ల ఇచ్చిన్రో ఏమో" అని అందుకున్నాడు. మళ్ళీ వెనక్కి బస్సు దొరికేదాకా ఆపలేదు.

ఇంట్లో కథ ఇంకో రకం. లోకం సంగతులన్నీ నోటితో, తనకు కావలసింది మాత్రం మొహంతో. చాయ్ కావాలంటే చాయ్ అనడు. ముందు అలసట చూపిస్తాడు. తర్వాత ఆశ. తర్వాత ఎక్కడో దూరం నుంచి వాసన తగిలినట్టు ముక్కు పైకెత్తి, కళ్ళు సగం మూస్తాడు. అవతల నా కూర మాడిపోతుంటే నేను ఇదంతా నిలబడి చూసి అర్థం చేసుకోవాలి. పొరపాటున మంచినీళ్ళిచ్చానా, ఈ దేశంలో ఇక కళ బతకదన్నట్టు తల ఆడించి గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

మంచం సంగతి వేరే చెప్పాలి. పొద్దున అరుగు తూర్పు కొసన, సాయంత్రం పడమటి కొసన. ఎండ ఎటుంటే మంచం అటు. మొహం మీద వెలుతురు పడకపోతే ఆయనకు ఊపిరాడదు. బొంబాయిలో అద్దాల కప్పు కింద నిలబెట్టి, తెల్లబట్టలు అడ్డం పెట్టి ఎండను మొహం మీదికి తిప్పేవారట. మబ్బు పడితే ఆ రోజుకు ఏడుపూ లేదు, ప్రేమా లేదు, అందరూ కూర్చుని పల్లీలు తినడమే. ఆ కథ వినడానికి బాగానే ఉంటుంది. మంచం జరపాల్సింది మాత్రం నేను.

అలా అని వెలుతురు పిచ్చి తన వరకే ఉంచుకుంటాడా? వీధి చివర ఒక పెద్దాయన పోతే చూడ్డానికి వెళ్ళాం. కూతురు మూలన కూర్చుని గుండెలు బాదుకుంటోంది. ఈయన తిన్నగా వెళ్ళి ఆమె గడ్డం కింద వేలు పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పాడు. "గిటు మల్లి ఏడువు బిడ్డా. చీకట్ల ఏడిస్తే ఎవలకు కనవడ్తది?" అన్నాడు. ఆ అమ్మాయి ఏడుపు ఆపేసి ఆయన వంక అలా చూస్తూ ఉండిపోయింది. సత్తెమ్మక్క ఆయన రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. నేను ఆ ఇంటి ముందు నుంచి మళ్ళీ చాలాకాలం తలెత్తుకుని నడవలేకపోయాను.

ఇక టీవీ. వీధి మొత్తానికి మాదొకటే. ఆదివారం సాయంత్రం సినిమా అంటే మా ముందుగది నిండిపోయేది. సరిగ్గా పాట మొదలయ్యే వేళకు ఈయన లేచి వెళ్ళి సౌండు పూర్తిగా తగ్గించేవాడు. "మాటలు బంద్ చేసి సూడుండ్రి. యాక్టింగ్ ఉన్నదా లేదా తెలుస్తది" అనేవాడు. సరే, నిశ్శబ్దంగానైనా చూడనిస్తాడా అంటే అదీ లేదు. "సూడు, వాని చెయ్యి అబద్ధమాడుతుంది. గామె నిజంగ ఏడుస్తలేదు, బువ్వ యాదికొచ్చింది" అంటూ సినిమా పొడుగునా ఆయనే మాట్లాడేవాడు. ఆడవాళ్ళు నన్ను కోప్పడేవారు, పెద్దాయన్ని ఏమీ అనలేక. నేను మావారిని కోప్పడేదాన్ని. ఆయన నవ్వేవారు.

అన్నిటికంటే నన్ను కాల్చుకుతిన్నది నా మాటను వెక్కిరించడం. నేను వాకిట్లో ఎవరితోనైనా మాట్లాడితే చాలు, అరుగు మీద నుంచి నా గొంతుతో "వచ్చారా అండీ, తిన్నారా అండీ, వెళ్ళొస్తారా అండీ" అని మొదలుపెట్టేవాడు. నేను చెయ్యి తిప్పే తీరు కూడా దింపేసేవాడు. కూరగాయలమ్మ నవ్వాపుకోలేక గంప దింపేసేది. ఒకరోజు నాకు నిజంగానే కోపం వచ్చింది. "మీకు మా భాష మీద అంత కసి దేనికి తాతగారూ?" అని అడిగేశాను. ఆయన వెక్కిరింత ఆపాడు. మిగతా కథలన్నీ వందసార్లు చెప్పిన మనిషి, ఇది మాత్రం ఆ ఒక్కసారే చెప్పాడు.

"మాటల సినిమాలొచ్చినయి బిడ్డా. బొంబైలనే తెలుగుది ఒకటి తీస్తుండ్రి. నువ్వు తెలుగోనివే గద అని పిలిచిన్రు. మంత్రి వేషం. పరదా జరిపి వచ్చి, ఎవరక్కడ అనాలె. గంతే. నేను వచ్చిన. గదువ లేపిన. మంచిగ సూసిన. సూసి, ఎవలాడ అన్న."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"నీ లెక్కనే అందరు నవ్విన్రు. మాటలు రాసెటి పంతులున్నడు, మీ దిక్కాయన. ఇది తెలుగు గాదయ్యా అన్నడు. మరి మా అవ్వ మాట్లాడింది ఏంది అనుకున్న. మల్ల తీసిన్రు. మల్ల గదే వచ్చింది. నెత్తి మీద మైకు ఏలాడుతుండె, నల్లగ. దాని దిక్కు సూసిన. ఇగ నోరు తెరుసుకోలె. వాళ్ళు అడుగుతనే ఉన్నరు. నోరు తెరుసుకోలె."

అక్కడితో ఆపి, చాయ్ కావాలని మొహం పెట్టాడు. ఆ ఒక్కసారి మారుమాట లేకుండా వెంటనే పెట్టి ఇచ్చాను.

ఇప్పుడు వాగు సంగతికి వస్తాను. వాగుకు పైన ఏవో రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. నీళ్ళు ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నురగగా వచ్చేవి. గాలి ఇటు తిరిగితే అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయేవాళ్ళం. పొలాల్లో వరి మొదళ్ళు మాడాయి. తర్వాత సత్తెమ్మక్క బర్రెలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. కొట్టంలో ఒక ముసలిది మిగిలింది, అదీ పాలు మానేసింది. బావి నీళ్ళు తోడితే చేద మీద జిడ్డు తేలేది. కాలనీకి పాలు పొయ్యడం ఆగిపోయింది. అంతవరకూ ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి ఒక గోడౌన్‌లో సంచులు కుట్టే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

అప్పుడు కబురొచ్చింది, పై నుంచి ఆఫీసర్లు విచారణకు వస్తున్నారని. చుట్టుపక్కల ఊళ్ళకు అప్పటికే వచ్చి వెళ్ళారు. టెంటు కింద కూర్చుంటారు, విన్నామంటారు, భోంచేసి కార్లెక్కుతారు. ఎక్కడా టెంటు దాటి అడుగు బయట పెట్టలేదని చెప్పుకున్నారు. సత్తెమ్మక్కకు ఉన్నదల్లా ఒకటే కోరిక. "వాళ్ళు ఏమియ్యకపోయినా మంచిదేనమ్మా. ఒక్కసారి మా బాయి కాడికొచ్చి నిలవడితే చాలు. వాళ్ళకు గూడ ముక్కుంటది గద" అనేది.

ఊరి తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న వచ్చింది. ఆఫీసర్లకు హిందీ, ఇంగ్లీషు. మధ్యలో తెలుగు చెప్పేందుకు ఒక తెలుగు ఆఫీసరు వస్తాడట. బొంబాయిలో ఉండొచ్చినవాడు, అన్ని భాషలూ వచ్చినవాడు, ఎవరి ముందైనా బెదరకుండా మాట్లాడేవాడు ఊళ్ళో ఇంకెవరున్నారు? పెద్దమనుషులంతా అరుగు ముందుకు వచ్చి అడిగారు. సత్తెమ్మక్క అడ్డం పడింది. "బావకు ఇయ్యకుండ్రి. బర్రె సంగతి చెప్పమంటే బొంబై సంగతి చెప్తడు" అంది. ఎవరూ వినలేదు. ఆయన అప్పటికే మొహం మీద గంభీరం తెచ్చుకుని ఎండ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి నా ప్రాణం తీశాడు. హిందీ కాదు, నా భాషలోనే మాట్లాడతానని పట్టు. "మీ తెలుగు నేర్పు బిడ్డా" అని వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేవాడు. నేను ఉల్లిపాయలు తరుగుతూ, "అయ్యా, వాగు నీళ్ళు తాగి మా పశువులు చనిపోయాయి" అని చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని, ఛాతీ విరిచి, "అయ్యా, వాగు నీళ్ళు తాగి మా పశువులు సచ్చిపోయినయి" అనేవాడు. నాలుక కరుచుకుని మళ్ళీ మొదటికి వచ్చేవాడు. మళ్ళీ సచ్చిపోయినయి. ఆ ఒక్క మాట దగ్గర ఎన్ని పూటలు గడిచాయో. వెక్కిరించేటప్పుడు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా మాట దింపే మనిషికి, నిజంగా అనబోయేసరికి రాదు.

"తాతగారూ, మీరు రోజూ మాట్లాడేదే మాట్లాడండి. ఎంత బాగుంటుంది! ఎవరు కాదంటారు?" అన్నాను. నిజంగానే అన్నాను.

"అరుగు మీద బాగుంటది బిడ్డా. ఆఫీసర్ల ముందర గది తెలుగు గాదు" అన్నాడు.

ఎంత చెప్పినా వినలేదు. చివరికి వాక్యాలన్నీ నోటికి వచ్చాయి. నిద్రలో లేపినా అప్పజెప్పేలా వచ్చాయి. చనిపోయాయి అనే మాట కూడా వచ్చింది. ఆ పొద్దున ఉతికిన ధోవతి కట్టుకుని, నన్ను పిలిచి మొత్తం ఒకసారి అప్పజెప్పి, "ఎట్లున్నది?" అన్నాడు. బాగుందన్నాను. మా ఊరి పంతులుగారు మాట్లాడినట్టే ఉంది. ఆయన మాట్లాడినట్టు లేదు.

పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. ఆఫీసర్లు వరసగా కూర్చున్నారు. ఫ్యాక్టరీల తరఫున వచ్చినవాళ్ళు వాళ్ళ వెనక తెల్లచొక్కాలతో నిలబడ్డారు. మేం ఆడవాళ్ళం ఒక పక్కన కింద కూర్చున్నాం. మూగాయన నడిచొచ్చాడు. ఆ నడక చూసి పిల్లలు కూడా అల్లరి మానేశారు. టేబుల్ ముందు నిలబడి, వెలుతురు ఎటుందో చూసుకుని, కొద్దిగా ఎడమకు జరిగాడు. అప్పుడు ఎవరో తీగ లాక్కుంటూ వచ్చి, ఆయన మూతి ముందు మైకు పెట్టారు.

ఆయన దాని వైపు చూశాడు. పెదవులు కదిలాయి. నాకు దూరం నుంచి కూడా తెలుస్తోంది, అయ్యా అనే మాట దగ్గరే ఉన్నాడు. శబ్దం రాలేదు. మైకులో ఆయన ఊపిరి ఒక్కటే వినబడుతోంది. చెప్పండి అన్నాడు తెలుగు ఆఫీసరు. మళ్ళీ పెదవులు కదిలాయి. నేను కూర్చున్నచోటి నుంచే మాట అందిద్దామని, వాగు నీళ్ళు, వాగు నీళ్ళు అని పెదవులు కదుపుతున్నాను. ఆయన మావైపు చూడనే లేదు. జీవితంలో ఎన్నడూ నోరు మూయని మనిషి, మూయాల్సిన చోటల్లా తెరిచిన మనిషి, ఊరంతా నోరు తెరవమని కూర్చున్న రోజున అలా నిలబడిపోయాడు. లేచి వెళ్ళి భుజాలు పట్టుకుని కుదిపేద్దామనిపించింది.

పెద్ద ఆఫీసరు పక్కనున్నవాణ్ణి ఏదో అడిగాడు. తెలుగు ఆఫీసరు మమ్మల్ని అడిగాడు, ఈయన ఎందుకు మాట్లాడడం లేదని. జనంలో నుంచి ఎవరో, రోజూ పిలిచే పేరే కదా అని, "ఆయన మూగాయన సార్" అన్నారు.

అయ్యో అంటూ తెలుగు ఆఫీసరు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. పెద్ద ఆఫీసరు మొహం మెత్తబడింది. మంచివాడే కాబోలు. మైకు తీసెయ్యమన్నాడు. పరవాలేదు, సైగలతోనే చెప్పమను అన్నాడు. తీసేశారు.

మైకు పక్కకు పోగానే ఆయన ఒంట్లోకి ప్రాణం వచ్చింది. ధోవతి ఎగ్గట్టాడు. వంగి, చేతులు నేలకు ఆనించాడు. మెడ సాగింది, భుజాలు బరువెక్కాయి, చెవులు లేవు గానీ చెవులు ఆడినట్టే ఉంది. బర్రె అయిపోయాడు. డెబ్బై దాటిన మనిషి. నీళ్ళ దగ్గరికి వచ్చింది. మూతి పెట్టింది. తుమ్మినట్టుగా తల విదిలించి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. దాహంతో అక్కడే నిలబడింది. అప్పుడు తల తిప్పి మావైపు, సత్తెమ్మక్క కూర్చున్న వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలవంచి తాగింది. ఆ తర్వాత ముందుకాళ్ళు మడుచుకుపోవడం, కడుపు బిగియడం, నోటి వెంట నురగ, పక్కకు ఒరగడం. లేవబోయింది, లేవలేదు. అలా దుమ్ములో పడుకుని, కదలకుండా ఉన్నాడు.

తర్వాత పెద్ద ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. వెంటనే మిగతా ఆఫీసర్లు కొట్టారు. వెనక తెల్లచొక్కాలవాళ్ళు కూడా కొట్టారు, వాళ్ళే ఎక్కువ గట్టిగా కొట్టారు. ఊరివాళ్ళు ఏం చెయ్యాలో తెలియక వాళ్ళూ కొట్టారు. మూగాయన లేచి దుమ్ము దులుపుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని వంగి దండం పెట్టాడు. ఆఫీసర్లు నవ్వుతూ లేచారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. డ్రైవర్లు కార్ల దగ్గరికి పరిగెత్తారు. ఇదీ ఈయన చేసిన నిర్వాకం అనుకున్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

సత్తెమ్మక్క ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. కొంగు నడుముకు చుట్టుకుని ఆఫీసర్లకూ కార్లకూ మధ్య నిలబడి ఉంది. ఆమె అంతకుముందు ఊరి బయటి మగవాళ్ళ ముందు గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

"గది యాక్షన్ గాదు సార్" అంది. "గా బర్రె నాది. బాయి కాడికి రాండ్రి."

తెలుగు ఆఫీసరు చెప్పక ముందే పెద్దాయనకు అర్థమైనట్టుంది. మొహంలో నవ్వు పోయింది. తెల్లచొక్కాలవాళ్ళు భోజనాల సంగతి ఏదో చెప్పబోయారు. ఆయన చెయ్యెత్తి వాళ్ళను ఆగమన్నాడు. సత్తెమ్మక్క వెనక నడిచాడు. మిగతావాళ్ళు జేబురుమాళ్ళు తీసుకుంటూ ఆయన వెనక నడిచారు.

నేను ఈయన్ని తీసుకుని ఇంటికి వచ్చాను. దారి పొడుగునా, అరుగు ఎక్కాక కూడా, ఒకటే మాట. "చప్పట్లు ఇన్నవా బిడ్డా? బొంబైల మేం చప్పట్లు ఇననే లేదు. మేం తీసుడు ఆడ, జనం సూసుడు ఇంకేడనో. ఇయ్యాల చెవులార ఇన్న" అన్నాడు. అంతలోనే, "ఆకరికి సత్తెమ్మ అడ్డమొచ్చి ఖరాబ్ చేసింది. నేను సచ్చి పడున్నప్పుడు ఇంకొంచెంసేపు సప్పుడు లేకుంట ఉండాలె" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చాయ్ కోసం మొహం పెడితే చూడనట్టు ఊరుకున్నాను.

పొద్దు వాలే వేళకు సత్తెమ్మక్క తిరిగొచ్చింది. ఆఫీసర్లు బావి దగ్గర నిలబడ్డారట. పెద్దాయన చేద తోడించి వాసన చూశాడట. తాగేందుకు ట్యాంకర్ పంపిస్తామన్నారు. అది నిజంగానే తర్వాత వచ్చింది. ఫ్యాక్టరీలు అక్కడే ఉన్నాయి, వాగు అలాగే పారింది, అది వేరే సంగతి. ఆమె మెట్టు మీద కూలబడి, కాళ్ళు చాపుకుని, ఆయన వైపు చూడకుండా మాట్లాడింది.

"వచ్చిన్రు బావా. నిలవడ్డరు. ఎట్ల సచ్చినయో చెప్పమని నన్ను అడిగిన్రు. నాకు చెప్పరాలె. ఏందేందో అన్న. లోపల ఉన్నది బయటికి రాలె. నీకు గింత నోరుండె, నువ్వు ఒక్క మాట అనకపోతివి."

నేను సిద్ధంగా ఉన్నాను, ఆయన చప్పట్ల సంగతి ఎత్తితే ఈసారి ఊరుకోకూడదని. ఆయన ఎత్తలేదు. మంచం మీద అటూ ఇటూ కదిలాడు. వెలుతురు తగ్గిపోయింది, మొహం సరిగా కనబడడం లేదు. మంచం జరపమని అడగలేదు. అలాగే చీకట్లో నుంచి మెల్లగా మొదలుపెట్టాడు. ఛాతీ విరవలేదు, గొంతు సవరించుకోలేదు.

"సారూ, బర్రెకు తెలుసు. మనకన్న దానికే ముందుగల్ల తెలుసు. మూతి వెట్టింది, ఎనకకు తీసింది. ఎండకాలం, దూపతోటి కాళ్ళు వణుకుతున్నయి, అయినా తాగలె. మల్లి మా సత్తెమ్మ దిక్కు సూసింది. తాగాల్నా వద్దా అని అడిగింది సారూ, నోరు లేకున్నా అడిగింది. మా సత్తెమ్మ దాని మెడ మీద చెయ్యేసింది. తాగు తల్లీ, ఏం గాదు, తాగు అన్నది. గామె అన్నదని తాగింది. నీళ్ళను నమ్మి తాగలె సారూ. మనిషిని నమ్మి తాగింది."

సత్తెమ్మక్క మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకుంది. బర్రెలు పోయినప్పుడు ఏడవని మనిషి, సంచులు కుట్టే పనికి వెళ్ళిన మొదటిరోజున కూడా ఏడవని మనిషి, వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. ఆమెను ఓదార్చాలో, ఈ మాటలు పొద్దున టెంటులో ఏమయ్యాయని ఆయన గొంతు పట్టుకోవాలో నాకు తెలియలేదు. అడ్డమైన కబుర్లూ చెప్పే నోరు, కావలసిన ఒక్క పూటా పూడుకుపోయి, వినాల్సినవాళ్ళు ఎవరూ లేనప్పుడు ఇలా తెరుచుకుంది. ఎవరికి ఏం లాభం? ఆ కోపం నాకు ఇవాళ్టికీ పోలేదు.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఏడుస్తున్న ఆమె వైపు ఒకసారి చూసి, నా వైపు వంగాడు.

"మాటొచ్చింది బిడ్డా" అన్నాడు. "జెర లేటయింది."